గడి దాటిన ఒక్క అడుగు

బేస్‌బాల్ అంపైర్ల సంఘం అధ్యక్షులవారి దివ్య సముఖమునకు, పెద్దాసుపత్రి రెండో అంతస్తులో పక్కదుప్పట్లు మార్చు ఉద్యోగి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత నెల ఆసుపత్రి సిబ్బంది ఆటలో నేను క్యాచర్‌కు అడ్డుపడినట్లు ఇచ్చిన తీర్పు కింద, అది బుద్ధిపూర్వకం కాదని ఒక్క వాక్యం రాయించి, ముద్ర వేయించి ఇప్పించుట గురించి.

1. నేను ఇరవై రెండేళ్లుగా దుప్పట్ల బండి తోస్తున్నాను. మా వరండాలో స్ట్రెచర్‌కే ముందు దారి. వెనక నుంచి "తప్పుకో!" అని వినబడగానే బండి వదిలి, గోడవైపు తిరిగి, ఒక అడుగు ముందుకు వేసి గోడకు అతుక్కుపోవాలి. ఈ పని నేను నిద్రలో కూడా చేస్తాను. మంచం మీంచి రెండుసార్లు పడ్డాను, నా భార్య సాక్షి.

2. సదరు స్ట్రెచర్ తోసేదీ, సదరు కేక వేసేదీ నా భార్యకు స్వయానా అన్న, నాకు బావగారు. ఆటలో బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి అందుకునే అవతలి జట్టు క్యాచర్ కూడా వారే. ఆసుపత్రిలోనైనా మైదానంలోనైనా నా వెనకే ఉండి అరవడం వారి హోదా.

3. జరిగిన సంగతి ఇది. ఆఖరి వంతు. మా వాళ్లు అప్పటికే ఇద్దరు అవుట్, మూడోవాడు పోతే ఆట సరి. నేను బ్యాటు పట్టుకుని, సున్నపు గీతల గడిలో, హోమ్ ప్లేటు అనే నేలపలకకు ఎదురుగా నిలబడ్డాను. బంతి నన్ను దాటి బావగారి చేతిలో పడేసరికి, మొదటి బేస్ మీదున్న మా లిఫ్టు ఆపరేటర్ రెండో బేస్ కాజేద్దామని పరుగు లంకించుకున్నాడు. రెండో బేస్‌కు బంతి విసిరి అతణ్ణి అవుట్ చేయించాలని బావగారు పట్టేసిన మోకాళ్లతో మెల్లగా లేస్తూ, అలవాటు కొద్దీ, "తప్పుకో!" అన్నారు. నేనూ అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేశాను. అక్కడ గోడ లేదు, ప్లేటు ఉంది. వారు విసిరిన బంతి నా భుజానికి తగిలి గడ్డిలో పడింది. అంపైర్ గారు నా వైపు వేలు చూపించి "అడ్డం!" అని అరిచారు. నేను అవుట్. ఆట ముగిసింది, మేము ఓడాము.

4. అంపైర్ గారిది కళ్లజోళ్ల దుకాణం కనుక వారి చూపును నేను ప్రశ్నించను. దుకాణానికి వెళ్లి చేతులు కట్టుకుని అడిగాను.

"కావాలని చెయ్యలేదండీ."

"కావాలని చేశావా, తెలియక చేశావా అన్నది నా పని కాదయ్యా. గడి దాటావా లేదా?"

"ఆయనే తప్పుకోమన్నారండీ."

"ఆయన గడ్డి తినమంటే తింటావా? గడిలో రాయిలా నిలబడి ఉంటే నీ జోలికి ఎవడొచ్చేవాడు?"

అనగా, కదలకుండా నిలబడ్డవాడు నిర్దోషి, మర్యాదగా దారి ఇచ్చినవాడు దోషి. పైగా, బావగారి విసురుకు మా లిఫ్టు ఆపరేటర్ ఎలాగో అవుటై ఉంటే నా అడ్డు అసలు లెక్కలోకే వచ్చేది కాదట. నా తప్పు నా కాళ్లలో ఉన్నదో, బావగారి చేతిలో ఉన్నదో తమరే తేల్చాలి.

5. గెలిచింది బావగారి జట్టే. అయినా కోపం వారికే. "నా చేత్తో గెలవాల్సిన ఆట ఆ అంపైర్ వేలితో గెలిచాను. కావాలనే చేశావు నువ్వు. కాదంటే ఆయన చేత రాయించుకురా. అంతదాకా మొగుడూ పెళ్లాం నా గడప తొక్కొద్దు" అని నలుగురిలో అన్నారు.

6. ఈ అంశం మొదట రాయవలసింది. రాయడానికి మనసు రాక చివరికి నెట్టాను. మా అత్తగారు బావగారి ఇంట్లో ఉంటారు. చూపు బాగా తగ్గింది. ప్రతి ఆదివారం నా భార్య వెళ్లి ఆవిడ తల దువ్వి, గోళ్లు తీస్తుంది. మరొకరి చేతికి ఆవిడ వేళ్లు ఇవ్వరు. నాలుగు ఆదివారాలు గడిచాయి. నా భార్య పొద్దున్నే గోళ్ల కత్తెర సంచిలో వేసుకుంటుంది, చెప్పులు తొడుక్కుంటుంది, మళ్లీ విప్పేస్తుంది. నన్ను ఒక్క మాట అనదు. అంటే బాగుండును. అయ్యా, చూడలేకపోతున్నాను.

కావున "కదలిక వాస్తవము, దురుద్దేశము శూన్యము" అని రాయించి, ఒక ముసలావిడ గోళ్ల నిమిత్తమైనా ఈ విన్నపమును చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దారి ఇచ్చి దోషియైన దుప్పట్లవాడు

తా.క.: కవరు అంటించే ముందు పై అర్జీ నా భార్యకు చదివి వినిపించాను. మూడో అంశం దగ్గర ఆపింది.

"అన్నయ్య తప్పుకోమని ఒక్కసారే అన్నాడా?"

"రెండుసార్లు."

"రెండోసారి ఏం చేశారు?"

అయ్యా, తమ దగ్గర దాచడం దేనికి. మొదటి కేకకు అలవాటుగా వెళ్లాను. ప్లేటు మీద నిలబడ్డాక ఎక్కడున్నానో తెలిసింది. వెనక్కి వచ్చే వ్యవధి కూడా ఉంది. బావగారు బంతి ఎత్తి మళ్లీ "తప్పుకో!" అన్నారు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ మాట విని కదల్లేదు. కావాలనే కదల్లేదు. తమ అంపైర్ గారు పాపం తెలియని అడుగును పట్టుకుని, తప్పంతా ఉన్న నిలకడను వదిలేశారు.

నా భార్య నాలుగు వారాల తర్వాత నవ్వింది. సంచి తీసుకుని, చెప్పులు తొడుక్కుని బయల్దేరింది. నేను వెంట వెళ్లి, గుమ్మం కనబడి మాట వినబడే వీధి మలుపులో ఆగాను.

బావగారు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఎదురయ్యారు.

"కాగితం తెచ్చావా?"

"లేదు."

"అయితే తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. తోయలేదు, అరవలేదు, గుమ్మంలో రాయిలా నిలబడింది. వారు గడియారం చూసుకున్నారు. లోపలి నుంచి "వచ్చావా అమ్మడూ?" అని అత్తగారి గొంతు వినబడింది. బావగారు గోడవైపు తిరిగి, అతుక్కుని, దారి ఇచ్చారు.

కనుక ఆ వాక్యం ఇక అక్కర్లేదు. తీర్పు దయచేసి మార్చవద్దు. నేను అడ్డుపడినట్లు రాసిన కాగితం నకలు ఒకటి ఇప్పించగలరు. మా ఇంట్లో ఆవిడ అడుగుతోంది.