చలి పడని పిల్ల

చిల్లకల్లు,
ఫిబ్రవరి 9

ప్రియమైన అమ్మాయి లహరికి, జాయిస్ వాళ్ళమ్మ కృపావతి రాసేది.

ఫోనులో నీ గొంతు వినగానే పెట్టేస్తున్నా. నా బిడ్డ కూడా అట్లాగే పలికేది. అందుకని రాస్తున్నా. నేను చదివింది ఐదో తరగతి, తప్పులుంటే సర్దుకో. మా పాస్టరుగారి కూతురు జెరూషా దీన్ని ఫోటో తీసి నీకు పంపుద్ది. నువ్వు రాసింది కాగితం మీద తీసి ఇస్తానంది.

బిడ్డని మట్టిలో పెట్టి మూడు వారాలైంది. ఆ దేశం నుంచి నువ్వు పంపిన దాని సూట్‌కేసు నిన్న తెరిచా. నీలం చొక్కా ఒకటి ఉంది, గుండె మీద లాంతరు బొమ్మ. ఒక ఫోటో ఉంది. చుట్టూ తెల్లగా ఐసు, మధ్యలో ట్రాక్టరంత బండి, దాని మీద నా బిడ్డ కూర్చుని నవ్వుతా ఉంది. నాకేమో ఆఫీసులో కంప్యూటర్ పని అని చెప్పేది. లోపల వెచ్చగా ఉంటదమ్మా, స్వెట్టర్ కూడా అక్కర్లా అనేది.

దానికి చిన్నప్పటినుంచీ ఆయాసం. మంచు కాలం వచ్చిందంటే రాత్రంతా నా భుజం మీదే. బడి గేటు దగ్గర పుల్లైసు ఒక్కటంటే ఒక్కటి కొననివ్వలా. నందిగామలో మీ ఇద్దరూ కాలేజీకి పోయేటప్పుడు మీ అమ్మకి కూడా చెప్పా, దీనికి ఫ్రిజ్ నీళ్ళు ఇవ్వొద్దని.

కారు జారింది కూడా ఐసు మీదే అన్నావు. ఆసుపత్రిలో ఆఖరున చూసింది నువ్వే. మొహానికి ఏమైందో అడిగే ధైర్యం నాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళు నా బిడ్డ చలికి బాధపడిందా?

నీ మేలు కోరే
కృపావతి ఆంటీ


హార్లో బే,
ఫిబ్రవరి 14

ప్రియమైన ఆంటీకి,

మీకు చెప్పొద్దని జాయిస్ నాతో ఒట్టు వేయించుకుంది. ఇప్పుడింక ఎవరి కోసం దాయాలి.

తను ఆఫీసులో చేయలేదు. ఈ ఊళ్ళో ఐస్ హాకీ జట్టు ఒకటుంది. కాళ్ళకి కత్తుల్లాంటి బూట్లు కట్టుకుని ఐసు మీద ఆడతారు. మనవాళ్ళకి క్రికెట్ ఎంతో వీళ్ళకి ఇది అంత. జట్టు పేరు లాంతర్లు. వందేళ్ళ కిందట గని కూలీలు పని దిగాక, గడ్డకట్టిన చెరువు మీద లాంతర్లు పెట్టుకుని ఆడుకునేవాళ్ళట. అలా మొదలైంది. తర్వాత చెక్క పైకప్పు వేసి పెద్ద హాలు కట్టుకున్నారు. పోటీల్లో పెద్ద బహుమతి ఒక్కసారే గెలిచారు, అదీ మేం పుట్టకముందు. గనులు మూతబడ్డాయి. జట్టు ఓడిపోతూనే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. ఆట మొదలయ్యేముందు దీపాలన్నీ ఆర్పేస్తారు. గనిలో పనిచేసిన పెద్దాయన ఒకరు లాంతరు వెలిగించి పైకెత్తుతారు. అంత హాల్లో ఒక్క దగ్గు వినపడదు. "మన చర్చిలో క్రిస్మస్ ఆరాధన లాగా లేదటే?" అనేది జాయిస్.

ఆ ఐసుని చూసుకునే పని తనది. ఆడేకొద్దీ ఐసంతా గీతలు పడిపోతుంది. విరామంలో ఆ బండి మీద తిరుగుతూ వేడినీళ్ళు పరిచి నున్నగా చెయ్యాలి. అవి అలాగే గడ్డకట్టి అద్దంలా అవుతాయి. "మా అమ్మ వసారా అలికినట్టే. మూలలు వదిలితే ఒప్పుకోదు" అని తెల్లవాళ్ళకి కూడా చెప్పేది. వాళ్ళకి అలకడం అంటే ఏంటో చెప్పడానికి నేను తంటాలు పడేదాన్ని.

చలి సంగతి అడిగారు. అక్కడ చలే ఆంటీ. అబద్ధం చెప్పలేను.

మీ
లహరి


చిల్లకల్లు,
ఫిబ్రవరి 20

లహరికి,

ప్రియమైన అని రాయటానికి చెయ్యి రావటంలేదు.

నాకు తెలిసిన ఐసు ఒకటే. మా ఆయన ప్రేమదాసు పోయినప్పుడు జగ్గయ్యపేట నుంచి తెప్పించిన ఐసు పెట్టె. అద్దం కింద ఆయన మొహం. చుట్టాలందరూ వచ్చేదాకా వసారాలో ఆ పెట్టె గుర్రుమంటానే ఉంది. మూత తీసినప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నా. రాయి. అట్లాంటి పెట్టెలోకి నా బిడ్డ బతికుండగానే రోజూ పోయి కూర్చుందని రాశావు. పక్కనే ఉండి పోనిచ్చావు.

మొన్న మీ అమ్మ పలకరించటానికి వచ్చింది. "మా లహరి మీ పిల్లని సొంత అక్కలా చూసుకుందండి" అంది. చూసుకుందిలే అన్నా.

ఇంక నాకు రాయొద్దు.

కృపావతి


హార్లో బే,
ఏప్రిల్ 18

ప్రియమైన ఆంటీకి,

వద్దన్నా రాస్తున్నాను. తిట్టండి, పడతాను.

నిన్న ఈ ఏటికి ఆఖరి ఆట. లాంతర్లు మళ్ళీ ఓడిపోయారు. విరామంలో బండి బయటికి రాగానే హాలంతా లేచి నిలబడింది. బండి మీద ఉన్నది వేరే మనిషి. ఆయన టోపీ తీసి తల దించుకునే నడిపాడు. నా ముందు వరసలో ముసలాయన, "వీడు మూలలు వదిలేస్తున్నాడు, మన అమ్మాయి వదిలేది కాదు" అని గొణిగాడు. నేను ఏడవడం చూసి తన దుప్పటి నాకు కప్పాడు.

మీరు అడిగినదానికి నేను సగమే చెప్పాను. జనం వెళ్ళిపోయాక జాయిస్ ఆ ఐసు మీద పడుకునేది. చేతులు చాచి, మొహం ఒక పక్కకి తిప్పి, చెంప ఐసుకి ఆనించి. లెగవే అని నేను అరిచేదాన్ని. "ఉండవే. ఇన్నేళ్ళూ మా అమ్మ నన్ను దుప్పట్లో చుట్టి దాచింది. నాకు ఇక్కడే హాయిగా ఉంది. ఆమె చూసిందంటే నిన్నూ నన్నూ కలిపి చీపురు తిరగేసుద్ది" అని నవ్వేది. ఆయాసం పోయిందని చెప్పను, మందు జేబులోనే ఉండేది. కానీ అంత హాయిగా తనని ఇంకెక్కడా చూడలేదు. వచ్చే ఏడు మిమ్మల్ని ఇక్కడికి పిలిపించి, లాంతరు ఎత్తేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అప్పుడు నిజం చెప్పాలనుకుంది.

ఇంకొకటి. మొహం గురించి అడగడానికి ధైర్యం లేదన్నారు. మొహానికి చిన్న గీత కూడా పడలేదు ఆంటీ. ఐసు మీద పడుకున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. ఇక్కడి నుంచి పంపిన పెట్టె తెరిచినప్పుడు మీరూ చూసే ఉంటారు.

మీ
లహరి


చిల్లకల్లు,
మే 21

ప్రియమైన నా తల్లి లహరికి,

నీ ఉత్తరం జాకెట్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ తిరిగా. చెమటకి అక్షరాలు అలికిపోతే జెరూషా చేత మళ్ళీ తీయించా.

నేను చూడలా.

పెట్టె ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. చుట్టూ బిగించేసి ఉంది. విప్పాల్సిన వడ్రంగి రత్తయ్య కీసరలో పనికి పోయాడు, పొద్దున్నే వస్తానన్నాడు. మా ఆడబిడ్డ పుల్లమ్మ, "ఈ ఒక్క రాత్రి చుట్టూ ఐసు పేర్పిద్దాం వదినా, పొద్దున తెరిచి మొహం చూసుకుని సాగనంపుదాం" అంది. ఐసు గడ్డలు ఆటోలో వచ్చి గేటు ముందు దిగినయ్యి కూడా. నేను అడ్డం పడుకున్నా. "నా బిడ్డకి చలి పడదు. ఐసులో చచ్చింది, ఐసులో పెట్టి తెచ్చారు, ఇంక ఒక్క గంట కూడా పెట్టనివ్వను" అన్నా. "మొహం చూసుకోవా?" అని పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. దాన్ని చలిలో పెట్టి నేను చూసుకునేది ఏంది అన్నా. పొద్దుగూకేలోపే పూడ్పించా. ఆ ఐసు గడ్డలు గేటు ముందే కరిగి కాలవలో కలిసినయ్యి. తల్లి మనసు అన్నారు అందరూ.

దానికి ఐసు హాయి అని నాకు తెలిసుంటే, ఆ ఒక్క రాత్రి ఉంచుకునేదాన్ని గదా. అది నిద్రపోయినట్టే ఉందంట గదా.

మొన్న ఎండకి రోడ్డు మీద తారు కరుగుతుంటే జగ్గయ్యపేట పోయి ఐసు గడ్డ ఒకటి గోనెసంచిలో చుట్టించి తెచ్చా. సమాధి మీద పెట్టా. పుల్లమ్మ వెనకాలే వచ్చి "మతి పోయిందా వదినా, జనం చూస్తన్నారు" అంది. చూడనీ అన్నా. వంగి నా చెంప దానికి ఆనించా. ముందు మండింది. తర్వాత మొద్దుబారింది. నా బిడ్డకి దొరికిన హాయి ఏందో నాకు దొరకలేదు తల్లీ. ఎంతసేపు ఆనించినా దొరకలేదు. లేచి చూస్తే గడ్డ మీద నా చెంప మేర గుంట పడి ఉంది. చూస్తుండగానే అదీ కారిపోయింది.

మళ్ళీ తెస్తా. నువ్వు రాయని ముక్క ఒకటుంది. అది పడుకున్నప్పుడు మొహం ఏ పక్కకి తిప్పేది, కుడిపక్కకా ఎడమపక్కకా? రాయి. ఈసారి గడ్డని ఆ పక్కనే పెడతా.

మొహం చూసుకోని
జాయిస్ అమ్మ