దోరగా వేయించిన మట్టి

లాబు మేడమ్ గారికి,
మీ దగ్గర పరిశోధన చేసిన పిల్ల తల్లిని, నమస్కరించి రాస్తున్నాను. నా కూతురు చనిపోయాక మీ ఫ్రిజ్ చెడి, తను దాచిన మట్టి పాడైందనీ, మా పెరట్లో అదే చోటి మట్టి మళ్ళీ కావాలనీ ఫోన్లో అన్నారు. ఫోను పెట్టేసి గునపం పట్టాను. పంపుతున్నాను.
ఇట్లు,
దాని అమ్మ

తా.క.: జల్లించి, మూకుట్లో దోరగా వేయించాను. ఒక్క పురుగుంటే నన్నడగండి.

అమ్మగారికి నమస్కారం.
పురుగు లేదు, ప్రాణమూ లేదు. మాకు కావలసింది మట్టిలో కంటికి కనబడని బాక్టీరియా. వాటి లోపల జన్యువుల పోగు ఉంటుంది. అందులో ఓ ముక్క తనను తానే కత్తిరించుకుని ఇంకో చోటికి గెంతుతుంది. దాని రెండు కొసలా ఒకటే వరస, ఒకవైపు తిరగేసి. మధ్యలో కత్తెర పని చేసే జన్యువు. ఎవరూ చూడని అలాంటి ముక్కను మీ అమ్మాయి చూసింది. మరోసారి కనబడితేనే ఆ సంగతి తన పేరుతో పరిశోధన పత్రికలో అచ్చవుతుంది. దయచేసి వేయించకండి.
ఉంటాను,
మేడమ్

తా.క.: లాబంతా కమ్మటి వాసన. అందరికీ ఆకలేసింది.

మేడమ్ గారికి,
అర్థమైంది. సంచికి రెండు పిడులు, ఒకటి తిరగేసి కుట్టారు, కత్తెర లోపలే ఉంది. అంతేగా? నా కూతురు దాన్ని పట్టుకుందంటే నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. పచ్చి మట్టే పంపుతున్నాను. గెంతకుండా డబ్బాకు తాడు బిగించాను.
దాని అమ్మ

తా.క.: బాక్టీరియా అంటే జబ్బులేనని పక్కింటి నర్సమ్మ చెప్పింది. మీరూ పిల్లలుగలవాళ్ళు. బ్లీచింగు పొడి దండిగా కలిపాను.

అమ్మగారూ,
ఒక్కటీ మిగల్లేదు. ఇవి జబ్బు చేసేవి కావు. ఏమీ కలపకుండా ఇంకొక్కసారి పంపండి.
మేడమ్

తా.క.: కడగకండి కూడా.

మేడమ్ గారికి,
కొంప మునిగింది. ఇంటి ఓనరు పెరడంతా సిమెంటు చేయించాడు. "బురద వదిలింది, సంతోషించండమ్మా" అన్నాడు. నేనన్నది ఉత్తరంలో రాసేది కాదు. ఏడ్చి ఏడ్చి లేస్తుంటే మంచం కింద దాని చెప్పులు కనబడ్డాయి. చివరిసారి పెరట్లో మట్టి తీసినప్పుడు వేసుకున్నవి, అడుగున ఆ మట్టి అట్టగట్టి ఉంది. ఇల్లంతా రోజూ కడుగుతాను, వాటికి మాత్రం చెయ్యి రాలేదు. అలాగే పంపుతున్నాను.
దాని అమ్మ

తా.క.: "మేడమ్‌కి చెప్పులు పంపుతున్నారా?" అన్నాడు పోస్టు గుమాస్తా. గౌరవంగానే అన్నాను.

అమ్మగారూ,
దొరికింది. ఎండినా బాక్టీరియా చావలేదు, నిద్రపోయాయంతే. రెండు కొసలూ, నడుమ కత్తెరా, మీ అమ్మాయి రాసినట్టే ఉన్నాయి. లాబులో అందరం అరిచాం. అచ్చులో మొదటి పేరు తనదే.
మీ మేడమ్

తా.క.: గీకింది ఎడమ చెప్పునే. కుడిదాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మట్టితో సహా మీకు పంపిస్తున్నాను.