ఎదురుగాలిలో సముద్రపు కట్ట దాకా

సెప్టెంబర్ 3

వచ్చాను. ముప్ఫై ఏళ్లుగా ఆస్ట్రియా కొండల్లో కాపురం, ఇప్పుడు పుట్టిన ఊళ్లోనే చుట్టాన్ని. బస్సు దిగగానే గాలి మొహం మీద కొట్టింది. డచ్చివాళ్ల దేశంలోని ఈ ఫ్రీస్‌లాండ్‌లో కొండ లేదు, గుట్ట లేదు, కనీసం కాస్త మెరక లేదు. గాలిని ఆపే నాథుడు లేడు.

అక్క తినెకె గుమ్మంలోనే బుగ్గల మీద మూడు ముద్దులు పెట్టింది. కాఫీ ఇచ్చింది. బిస్కెట్ల డబ్బా తెరిచి, నేను ఒకటి తీసుకోగానే టక్కున మూత పెట్టేసింది. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి వచ్చిన దానికి ఒక్క బిస్కెట్! ఒళ్లు మండింది. ఇక్కడి పద్ధతే అది, నేనూ అలాగే పెరిగాను. అయినా మండింది.

సెప్టెంబర్ 4, పొద్దున

ఎందుకొచ్చానో ఇక్కడైనా రాసుకోవాలి. నా కళ్లు పోతున్నాయి. దేనివైపు సూటిగా చూస్తే అదే మాయమవుతుంది. చుట్టుపక్కల ఉన్నది మాత్రం కనిపిస్తుంది. ఇక బాగవదన్నాడు డాక్టర్. సైకిలు మానేయమని కూడా అన్నాడు. ఆయనదేం పోయింది, అంటాడు.

పూర్తిగా పోకముందు ఒక్కసారి, ఈ ఇంటి నుంచి సముద్రపు కట్ట దాకా సైకిలు తొక్కాలి. ఒక్కదాన్నే, ఎవరి సాయమూ లేకుండా. చిన్నప్పుడు రోజూ తొక్కిన దారి. నాకింకేమీ వద్దు.

అక్కకు చెప్పను. చెబితే జాలిపడుతుంది. ఆవిడ జాలి ఎవడికి కావాలి.

ఈ అక్షరాలన్నీ పక్కచూపుతో రాస్తున్నాను. వంకరగా వస్తే రానీ.

సెప్టెంబర్ 5

వాన. అక్కను పాత సైకిలు అడిగాను. ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తానుండు, ఎప్పుడు ఖాళీయో డైరీ చూసి చెబుతాను అంది. పై వారం గురువారం మధ్యాహ్నం అయితే కుదురుతుందట! పక్క గదిలో పడుకునే చెల్లెలికి అపాయింట్‌మెంట్!

బావ డౌవె పేపరు వెనకనుంచి, గాలి తగ్గాక వెళ్లు మరదలా, అన్నాడు. ఈ దేశంలో గాలి ఎప్పుడు తగ్గింది బావా అన్నాను. కాసేపు ఆలోచించి, నిజమేలే, నాకూ గుర్తులేదు అన్నాడు.

సెప్టెంబర్ 6

అడగకుండానే షెడ్డులోంచి నల్ల సైకిలు తీసి వంతెన దాకా వెళ్లొచ్చాను. పడలేదు. దారి నడుమ ఏముందో కనిపించదు, అంచున గడ్డి కనిపిస్తుంది. ఆ గడ్డిని పట్టుకుని పోవడమే.

దారి పొడుగునా కడుపుమంట. స్కూలు పిల్లలు వరసగా ముగ్గురు ముగ్గురు, హ్యాండిల్ వదిలేసి ఆపిల్ పళ్లు కొరుక్కుంటూ పోతున్నారు. ఒకావిడ సైకిలు ముందున్న తొట్టిలో ఇద్దరు పిల్లల్నీ కుక్కనీ వేసుకుని, ఫోన్‌లో ఎవరినో తిడుతూ దాటిపోయింది. ఎనభై దాటిన మొగుడూ పెళ్లాలు బ్యాటరీ సైకిళ్ల మీద వెనకనుంచి వచ్చి బెల్లు కొట్టారు. కాస్త పక్కకు జరుగు తల్లీ, అంది ముసలావిడ. చెమట చుక్క లేదు! నేనేమో ఆయాసంతో చస్తున్నాను.

వీళ్లకు ఇదంతా ఎంత తేలిక. తేలికని వాళ్లకు తెలియను కూడా తెలియదు. అదే నా కోపం.

సెప్టెంబర్ 7

పరువు పోయింది.

పొద్దున బేకరీ గోడకు సైకిలు ఆనించి, బ్రెడ్డు కొని, ఎక్కి ఇంటికొచ్చాను. ఈ ఊళ్లో ఎవరూ వెయ్యరు కదా అని తాళం వెయ్యలేదు. కాసేపటికి ఎదురింటి ఆన్కె రొప్పుతూ వచ్చింది. నా సైకిలు మీ గోడకు ఎందుకుంది, అని అడిగింది.

నల్ల సైకిళ్లన్నీ ఒకేలా ఉంటాయి, ఎవరికైనా జరుగుతుంది అన్నాను. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. బేకరీ అంతా చూసుంటుంది, మామూలు మనిషిలా ఉండలేవా నువ్వు, అని విరుచుకుపడింది. ఆన్కె నవ్వబోయి ఆగింది. నా సైకిలు ముందు ఇంత ఎర్రపెట్టె ఉంది కదమ్మా, నిండా బంగాళాదుంపలు, చూళ్లేదా, అంది.

బరువు తెలిసింది. గాలి అనుకున్నాను.

ఆ మాట పైకే అనేశాను. ఎవరూ నవ్వలేదు. ఆన్కె వెళ్లాక అక్క తలుపేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కళ్లు కనపడక ఎన్నాళ్లయిందే రెన్స్‌కె, అంది.

సెప్టెంబర్ 7, సాయంత్రం

తాళంచెవి లాక్కుంది! నాకు అరవై ఒకటి, ఆవిడ నా చేతిలోంచి సైకిలు తాళంచెవి లాక్కుంది! కాలవలో పడి చస్తే ఎవరు తీస్తారే నిన్ను అంటుంది. చస్తే నా చావు నేను చస్తాను, ఇది నా ఊరు కూడా, ఆ దారి నీ సొత్తా అన్నాను. నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా, నేను బతికున్నానా పోయానా అంది. చెబుదామనే ఉంది, గురువారం దాకా ఖాళీ లేదన్నావుగా అన్నాను.

తలుపు ధడాలున వేసింది. బావ టీవీ సౌండు పెంచాడు.

ఇప్పుడు జాలి మొదలవుతుంది. సూపు చల్లార్చి ఇస్తుంది. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకుంటుంది. రేపే బస్సెక్కి పోతాను.

సెప్టెంబర్ 8

పోలేదు.

సెప్టెంబర్ 9

పొద్దున అక్క రెయిన్‌కోటు వేసుకుని రెండు సైకిళ్లతో గుమ్మంలో నిలబడింది. ఇవాళ పనులన్నీ మానేశాను, పద, అంది. నేనొక్కదాన్నే పోతానన్నాను. పో, ఎవరొద్దన్నారు, నేనూ అటే పోతున్నా, రోడ్డేమన్నా నీ ఒక్కదానిదా అంది.

పక్కపక్కన తొక్కాం. ఎదురుగాలి. సగం దారిలో నా కాళ్లు చచ్చుబడిపోయాయి. దిగిపోదామనుకుంటుంటే, వీపు మధ్యలో అరచెయ్యి ఆనింది. ఒక చేత్తో తన సైకిలు నడుపుతూ, ఇంకో చేత్తో నన్ను తోస్తోంది.

చెయ్యి తియ్యి, అని అరిచాను. నోర్మూసుకుని తొక్కవే, ఇక్కడ ఎదురుగాలి వస్తే ఎవరైనా ఎవరినైనా తోస్తారు, కొండల్లోకి పోయి అన్నీ మర్చిపోయావు, అంది. రొప్పుతూనే అంది. ఆవిడకు అరవై నాలుగు.

కట్ట దాకా తిడుతూనే ఉన్నాను ఆవిడని. డైరీని, బిస్కెట్ల డబ్బాని, దేన్నీ వదల్లేదు. చెయ్యి తియ్యమని మాత్రం మళ్లీ అనలేదు.

సెప్టెంబర్ 10

నిన్న కట్ట ఎక్కాక సముద్రం చూడలేదు. అక్కనే సూటిగా చూశాను. టోపీ ఉంది, చెవులున్నాయి. మొహం లేదు. చెయ్యి చాచి ఆవిడ బుగ్గ తడిమాను. తడి.

ఎవరేడవమన్నారు నిన్ను, అని అరిచాను.