దేవుడి బల్ల మీది ఆర్కిడ్

చిరంజీవి పీషాన్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నాన్న, నేను వేళకు తింటున్నాం. ఒసాకాలో నువ్వూ పసిదీ కులాసాగా ఉన్నారనుకుంటాను. పాలు చాలడం లేదన్నావు. నల్ల నువ్వుల నూనె, శొంఠి పార్సిలు చేశాను. చన్నీళ్ళు ముట్టుకోకు. నానమ్మను సాగనంపడానికి రాలేకపోయానని ఏడవకు. బాలింతను రానివ్వొద్దని ఆవిడే చెప్పింది.

నానమ్మ ఆర్కిడ్ ఏ రంగు పూసిందని అడిగావు. దానికి జవాబు రాయలేక మూడు కాగితాలు చింపాను.

ఇరవయ్యేళ్ళు ఆర్కిడ్ తోటలో పనిచేసి, మానేసిన రోజున పారేసిన మొక్కల్లోంచి ఏరి తెచ్చుకుంది కదా. ఇన్నాళ్ళకు మొదటిసారి కాడ వేసింది. ఏడు మొగ్గలు. "ఇది విచ్చుకోవడం చూసి పోతానే" అనేది. పది రోజులకోసారి కుండీలో మట్టికి బదులు వేసిన నాచు తడిపి, తేదీ క్యాలెండరు మీద రాసేదాన్ని.

డాక్టరు ఇంటికి తీసుకెళ్ళమన్నాక, ఆనవాయితీ ప్రకారం మంచం నడిమింట్లో, దేవుడి బల్లకు ఎదురుగా వేశాం. పువ్వు ఆవిడ కళ్ళెదుటే విచ్చుకోవాలని కుండీ తెచ్చి బల్ల మీద, నైవేద్యం పెట్టిన ఆపిళ్ళకూ అరటిపళ్ళకూ మధ్య పెట్టాను. ఎక్కడ పెట్టాలో ఆవిడను ఒక్క మాట అడిగితే చెప్పేది. నిద్ర చెడగొట్టడం ఎందుకనుకున్నాను.

నాలుగో రోజుకు పచ్చిమొగ్గలన్నీ పసుపెక్కి రాలిపోయాయి.

తోటలో ఆవిడతో పనిచేసిన ఆ-షెంగ్ చూడ్డానికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"పళ్ళ పక్కన పెట్టావా వదినా? పండిన పండు గాలి తగిలితే మొగ్గ నిలుస్తుందా? అన్నం డబ్బాలో అరటిపండు తెచ్చుకున్నందుకు నన్ను పెద్దమ్మ చీపురు పట్టుకుని తరిమింది!"

"మెల్లగా అనవయ్యా, వింటుంది" అన్నాను.

ఏడూ పూశాయి, నానమ్మ చూసి నవ్వింది అని పోయిన ఉత్తరంలో రాశాను. అది అబద్ధం తల్లీ.

ఆ-షెంగ్ వచ్చిన మర్నాడు నానమ్మ కళ్ళు తెరవకుండానే అడిగింది.

"పూసిందా?"

"పూసింది అత్తయ్యా."

"ఇటు పట్రా."

తేక తప్పలేదు. వేళ్ళతో కాడను మొదలు నుంచి కొసదాకా తడిమింది. అన్ని కణుపులూ ఖాళీ. ఆ వేళ్ళకు తెలియకుండా ఉంటుందా? నా చెయ్యి పట్టుకుని, "ఎంత బాగా పూసిందే! చూశానని పిల్లకు రాయి" అంది. సాయంత్రానికి పోయింది.

ఆవిడ చెప్పినట్టే రాశాను. కానీ నువ్వు రంగు అడిగావు. నాకు తెలియదమ్మా. తెలుసుకోకుండానే ఆవిడా వెళ్ళిపోయింది, నా వల్ల.

ఇట్లు,
నీకు నిజం ఆలస్యంగా రాసిన
అమ్మ