వయసులో పెద్ద కాలువ

నాయనా ఒనేసిమో,

నేను ఆల్తగ్రాసియా మాయెస్‌ని. మీ నాన్న ప్రొకోపియో పోయాక ఈ ఇంటికి యజమానిని. వయసు డెబ్బై ఆరు. ఇంట్లో నేను, నీ చెల్లెలు, ఆ గొర్రెలు. కన్నకొడుక్కి పేరు చెప్పుకోవాలా అంటావేమో. చెప్పుకోవాలి, మర్చిపోయినట్టున్నావు. నాకు రాత రాదు గనుక పంతులమ్మ దెల్ఫీనా రాస్తోంది. తిట్లు ఎగ్గొట్టకుండా రాయమన్నాను.

వంతెన కింద ఓహితో ఏట్లో పాతిన కొలబద్ద మీద నీళ్ళు ఎర్రగీతకి దిగువన ఉన్నాయని పైఆఫీసుకు ఫోను చేశావు. మంగళవారం నీ సర్కారు నీళ్ళ శాఖ బండిలో వచ్చి యూఫీమియా కాలువ తలుపుకి తాళం వేశావు. మన కాలువ ముందు తవ్వారు కాబట్టి, నీళ్ళు తగ్గితే ఉన్నవన్నీ మనకేనట; మళ్ళీ ఎర్రగీత దాటితేనే తాళం తీస్తావట. "నీకు మేలే జరిగిందమ్మా, చట్టం నీ వైపుంది" అని నా వంటింట్లో కూర్చుని, నేను కాల్చిన రొట్టె తింటూ అన్నావు. ఆ ముద్ద నీకెలా దిగిందిరా? యూఫీమియా నీ జ్ఞానస్నానం నాడు నిన్నెత్తుకున్న జ్ఞానతల్లి. నాకు పాలు పడనప్పుడు తన బిడ్డతో పాటు నీకూ పాలిచ్చిన మనిషి. ఆవిడ చిక్కుడు చేను పూత మీద ఉంది. ఇప్పుడు తడి లేకపోతే చలికాలం ఆ ఇంట్లో పొయ్యి మీద పెట్టేందుకు ఏమీ ఉండదు.

మర్నాడు ఆవిడ నా గట్టు మీదికొచ్చింది.

"వదినా, నీళ్ళకి కూడా పుట్టినరోజులుంటాయటగా?"

"నాకేం తెలుసు, వాడు చెప్పాడు."

"నీ కాలువ నా కాలువకంటే మూడేళ్ళు పెద్దదట. వంగి దణ్ణం పెట్టనా?"

"నోర్ముయ్."

"మూయించడమేగా మీ ఇంటి పని! నిన్న తలుపు, ఇవాళ నోరు."

ఆవిడ ముందు నేను తల దించుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఆ సిగ్గు నువ్వు తెచ్చిపెట్టావు.

కొండ మీద మంచు తక్కువ పడటం కొత్తా? నీళ్ళు తగ్గితే అందరికీ తగ్గేవి. కొన్నాళ్ళు వాళ్ళకి, కొన్నాళ్ళు మనకి. ఎవరి గాదే నిండేది కాదు, ఎవరి చేనూ చచ్చేది కాదు. ఏ కాలువ ముందు పుట్టిందని ఎవడూ అడగలేదు.

తాళం పగలగొడదామని గొడ్డలి పట్టుకుని బయల్దేరాను. కాలువల పెత్తనం చూసే రెఫూహియో అడ్డుపడి, "నిన్ను జైల్లో పెడితే అక్కడున్న దొంగల గతేంటత్తా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ కోపం దిగలేదు. ఆ కోపంలోనే ఒక ఉపాయం తోచింది.

నీ కొలబద్ద మా రెండు కాలువలకీ దిగువనుంది. నేను తీసుకోని నీళ్ళు ఎక్కడికి పోతాయి, నీ కొలబద్ద దగ్గరికేగా? ఇవాళ నా కాలువ తలుపు నేనే దించేశాను. నా తలుపు నేను మూసుకోకూడదని ఏ చట్టంలోనూ లేదుగా! నా గడ్డి ఎండితే ఎండనీ.

రేపు వంతెన దగ్గరికి వెళ్ళు. నీళ్ళు ఎర్రగీత దాటి ఉంటాయి. దాటితే తాళం తియ్యాలన్నది నీ నోటి మాటే. తియ్యి. ఆవిడ చేను తడిసేదాకా నాది తెరవను. తర్వాత తెరుస్తాను, మళ్ళీ మూస్తాను. మూసిన ప్రతిసారీ నువ్వు కొండెక్కి తాళం తియ్యాలి. నీ అమ్మ మాట వినొద్దు. నీ కొలబద్ద మాటే విను.

ఇట్లు నీ తల్లి,
ఆల్తగ్రాసియా మాయెస్, ఆమె పెట్టిన గుర్తు: ×

సాక్షులు:
రెఫూహియో అతెన్సియో
దెల్ఫీనా కింతానా, రాసినది

యూఫీమియా లొబాతోని కూడా సాక్షిగా అడిగాం. "వాడు తాళం తీశాక పెడతా గుర్తు" అంది.