బియ్యం డబ్బాలో రసీదు

అమ్మా,

నువ్వు లేకుండా మొదటిసారి పల్లికాయ అమ్మాం. ఏటా ఆ డబ్బుతో అచ్చంపేటలో గ్రామో, రెండు గ్రాములో బంగారం కొని, మళ్లీ పంట వచ్చేదాకా బియ్యం డబ్బా అడుగున దాచేదానివి. ఈసారి నేను గోల్డ్ ఈటీఎఫ్ కొన్నాను. నువ్వుంటే తిట్టేదానివే. బంగారం ఫండు వాళ్ల దగ్గరే ఉంటుంది, మన పేరున షేర్లలాగా యూనిట్లు ఉంటాయి. ఒక్కో యూనిటూ ఇంచుమించు గ్రాములో నూరో వంతు.

"చేతికి రాని బంగారం ఏంది?" అంటూనే నీ కోడలు, కొన్నట్టు వచ్చిన రసీదుకు పసుపు పెట్టింది. కానీ బియ్యంలో దాచే చెయ్యి ఎప్పుడూ నీదే కదా. ఇద్దరం డబ్బా ముందు ఊరికే నిలబడ్డాం. చివరికి నీ మనవరాలు మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగున పెట్టింది.

వారానికే ధర తగ్గింది. రోజూ పేపర్లో చూసి పరేషాన్ అయ్యాను. నిన్న, ఇక అమ్మేద్దామని, ఎంతకు కొన్నానో చూసేందుకు రసీదు కోసం బియ్యంలో చెయ్యి పెడితే నీ మనవరాలు పట్టుకుంది.

"దాసినంక మాటిమాటికి తీసి చూడొద్దని నాయినమ్మ చెప్పింది నాయినా."

మూత పెట్టేశాను. చేతికంటిన తవుడు మాత్రం చాలాసేపు కడుక్కోలేదు.