ఎర్ర కళ్ళ జవాను

జెర్రీ అన్నా, వందనాలు. అమ్మా నేనూ దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాం. అమ్మకి మోకాలు నొప్పి మామూలే. బోర్డర్‌లో నువ్వు వేళకి తింటున్నావని అనుకుంటున్నాం. ఫోన్‌లో నాకు మాట రాదు కదా, అందుకే టైపు చేస్తున్నాను. సిగ్నల్ దొరికినప్పుడు చదువు.

వీడియో కాల్‌లో అమ్మ "సెయ్యి ఊపు, లేసి నడు" అని ఎందుకంటోందని మొన్న అడిగావు. చెప్తాను. అది నా పని వల్లే వచ్చింది.

యుద్ధం వార్తలు మొదలయ్యాక, నేను పనిచేసే ఆమోసు బాబాయి ఫ్లెక్సు షాపులో బర్త్‌డేలు లేవు. అన్నీ జవాన్లే. ఆకాశం ఎర్రగా ఉండాలి. జవానుని కింద నుంచి చూసినట్టు వెయ్యాలి, అప్పుడు ఛాతీ పెద్దగా కనిపిస్తుంది. బూటు కింద శత్రువులు ఎలకలంత ఉండాలి. ఒకడికి నేను కళ్ళూ ముక్కూ పెడితే బాబాయి తిట్టాడు.

"మొకం ఎడితే జాలేస్తాదిరా ఎర్రోడా! తీసీ."

జవాన్లకి జై కొడుతూ ర్యాలీ తీసేవాళ్ళు, తమ ఫ్లెక్సు మీద నిజం జవాను కావాలన్నారు. బాబాయి నా ఫోన్‌లోంచి నీ ఫొటో లాగేసుకున్నాడు. అందులో నువ్వు నవ్వుతున్నావు.

"ఇదేటి, పెళ్ళికెల్తన్నట్టున్నాడు! కోపం ఎక్కించు."

నవ్వు తీసేసి, కళ్ళలో ఎరుపు పోయించాడు. నీకు లేని మీసం పెట్టించాడు. నాకు ఒళ్ళు మండింది, అయినా చెప్పినట్టే చేశాను. ఆఖర్న తొందరలో శ్రద్ధాంజలి ఫైలు తెరిచి, అందులోని బంతిపూల చక్రం నీ తల వెనక, దీపం నీ కింద పెట్టేశాడు. "ఈరుడికి ఎలుగుండాల," అన్నాడు.

అవి రెండూ ఉంటే మన ట్రాఫిక్ కాలనీలో ఏమనుకుంటారు అన్నా? పోయినవాళ్ళకే కదా వేస్తారు!

ఆ ఫ్లెక్సుని కాలనీ గేటు పక్కన కర్రలకి కట్టారో లేదో, పక్కింటి సుజాతమ్మ అత్త ఏడుస్తూ వచ్చేసింది. "పిల్లడు పోనాడని నాకొక్క మాట సెప్పలేదేటే?" వెనకాలే ప్రార్థన వాళ్ళు పాటల పుస్తకాలతో దిగారు. నీకు ఫోన్ చేస్తే కలవలేదు. నువ్వు చేసేదాకా అమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది, మంచినీళ్ళు కూడా తాగలేదు. అందుకే చెయ్యి ఊపమంటోంది.

తీసెయ్యమని బాబాయిని అడిగాను.

"ఊరంతా సెల్ఫీలు దిగుతుంటే తియ్యమంతావేట్రా? ఫేమస్ అయిపోనాడు మీ అన్న!"

నీకు చెప్పనిది ఇదే. బ్లేడు పట్టుకెళ్ళి నీ మొహం కోసేశాను. పని పోయింది. అమ్మకి ఇంకా తెలీదు.

అంత చేసినా ఏమైంది? ఒళ్ళు అలాగే ఉంది, మొహం దగ్గర కన్నం. పిల్లలు వెనక్కెళ్ళి కన్నంలో మొహం పెట్టి ఫొటోలు తీయించుకోవడం మొదలెట్టారు. సుజాతమ్మ అత్త మనవడు శామ్ పళ్ళికిలిస్తుంటే, పాలకి వెళ్తున్న అమ్మ చూసింది.

"తియ్యరా మొకం! దిగు!"

అమ్మ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. శామ్‌ని చెవి పట్టుకుని ఇవతలికి లాగి, తాళ్ళు విప్పడం మొదలెట్టింది. ర్యాలీ కుర్రాళ్ళు అడ్డం వచ్చారు.

"నా కొడుకు బొమ్మిది. ఇందులో ఇంకెవుల పిల్లడినీ ఎట్టనివ్వను."

కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు. నేను రెండో వైపు తాడు విప్పాను.

ఫైలు ఇంకా బాబాయి కంప్యూటర్లోనే ఉంది. మళ్ళీ కడితే మళ్ళీ ఇప్పుదాం అంటోంది అమ్మ. నువ్వు మాత్రం దొరికినప్పుడల్లా ఫోన్ చెయ్యి అన్నా.

ఇట్లు,
నీ తమ్ముడు
టోని